లూర్‌కి అనుకోని చేప పడితే: విశాఖ చుట్టుపక్కల ఏళ్లలో గాలం వేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం తెల్లవారకముందే బండి తీసి గోస్తని ఏటి వైపో, శారద ఏటి వైపో వెళ్లే కుర్రాళ్లు ఇప్పుడు విశాఖలో చాలామందే ఉన్నారు. చేతిలో రాడ్డు, సంచిలో నాలుగు లూర్లు (చేపపిల్లలానో కప్పలానో కదిలే ఉత్తుత్తి ఎరలు), మనసులో కొర్రమీను. తీరా పడేది చాలాసార్లు ఇంకేదో. ఫొటో తీసి "అన్నా, ఇదేం చేప? దీన్ని ఏం చేయాలి?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబులు రాస్తున్నాను. నా ఉద్దేశంలో అనుకోని చేప పడటం ఊరికే కలిసొచ్చింది కాదు. ఉప్పునీరు ఎంతదాకా ఎక్కుతోంది, పైన ఏ చెరువు గట్టు తెగింది, అడుగున ఇసుకుందా రాయుందా అన్నది ఆ ఒక్క చేపే చెప్పేస్తుంది. అందుకే దాన్ని చిరాకుపడి గట్టు మీదకు విసిరేయకండి, ఒక నిమిషం చూడండి.

అనుకోని చేప అంటే అసలు ఏది?

మన వైపు లూర్ వేసేవాళ్లంతా ముందుగా అనుకునేది కొర్రమీను. ఆ తర్వాత వాలుగ, ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గరైతే పండుగప్ప. ఇవి వేటాడి తినే చేపలు, కదిలే లూర్‌ని కొట్టడం వాటికి సహజం. ఇవి కాకుండా పడ్డవన్నీ అనుకోనివే. వాటిలో మూడు రకాలు కనిపిస్తాయి. నాచు, గింజలు తినేదైనా ఏదో కారణంతో లూర్‌ని పట్టుకున్న చేప ఒకటి. ఉప్పునీటి నుంచి ఏటిలోకి ఎక్కి వచ్చింది ఇంకొకటి. మూడోది ఎవరి చెరువులోంచో తప్పించుకొచ్చింది.

మాంసం తినని చేప లూర్‌ని ఎందుకు పట్టుకుంటుంది?

ఇది అన్నిటికంటే ఎక్కువమంది అడిగేది. జవాబు కూడా ఒకటి కాదు.

చేపకి చేతులు లేవు. ఎదురొచ్చిన వస్తువు ఏమిటో తెలుసుకోవాలంటే నోటితో పట్టుకుని చూడాల్సిందే. నచ్చకపోతే ఉమ్మేస్తుంది. లూర్‌కి హుక్కు ఉంటుంది కాబట్టి ఉమ్మేలోపు దొరికిపోతుంది. బంగారు తీగ, గడ్డి చేప లాంటివి అడుగున మెల్లగా పాకించే మెత్తటి ప్లాస్టిక్ లూర్‌కి అప్పుడప్పుడు ఇలాగే పడతాయి.

రెండో కారణం కాపలా. గుడ్లు, పిల్లలు ఉన్నచోటికి ఏది వచ్చినా తరిమేయాలని చూస్తుంది చేప. అప్పుడు దానికి ఆకలి ఉండదు, లూర్‌ని తిండి అని కూడా అనుకోదు. కొట్టి బయటికి గెంటాలని మాత్రమే చూస్తుంది. తిలాపియా దీనికి మంచి ఉదాహరణ, కింద విడిగా చెప్తాను.

మూడోది ఉలికిపాటు. చేప ఒంటి పక్కన తల దగ్గర్నుంచి తోక దాకా ఒక సన్నటి గీత ఉంటుంది. నీటిలో చిన్న అదురు వచ్చినా ఆ గీత కనిపెడుతుంది. స్పిన్నర్ అనే లూర్ రేకు గిర్రున తిరుగుతూ మూతి పక్కనుంచి పోతే, ఆలోచన లేకుండా చటుక్కున కొట్టేస్తుంది. బురద నీటిలో కళ్లు పనిచేయకపోయినా చేపలు లూర్‌ని వెతుక్కుని కొట్టడం ఈ గీత వల్లే.

ఇక మనం శాకాహారి అనుకునే చేపల్లో చాలావరకు నిజానికి అన్నీ తినేవే. పెద్ద పరిగెలు నాచు తింటాయి, పురుగులూ తింటాయి, దొరికితే వేలెడంత చేపపిల్లనూ వదలవు. వీటికి చిన్న స్పూన్ (చెంచా ఆకారపు రేకు లూర్) వేసి చూడండి, నమ్మకం కుదురుతుంది.

నోట్లో కాకుండా వీపుకో పొట్టకో గుచ్చుకుంది. అది పట్టినట్టేనా?

కాదు. లైన్ లాగుతుంటే దారిలో ఉన్న చేపకి హుక్కు తగులుకుంది, అంతే. బొచ్చె, వెండి చేప నీటిలో తేలే సూక్ష్మజీవుల్ని వడగట్టుకు తినేవి. కొయ్యంగలు, పాలబొంతలు నాచునీ అడుగు మడ్డినీ నమ్ముకున్నవి. ఇవి లూర్‌కి "పడ్డాయి" అని ఎవరైనా చెప్తే, హుక్కు ఎక్కడ ఉందో ముందు అడగండి. పెదవికి లోపలి వైపు నుంచి దిగి ఉంటేనే ఆ చేప తనంతట తాను నోరు తెరిచినట్టు. బయట నుంచి దవడకి గుచ్చుకుంటే అది కూడా తగులుకున్నదే.

తగులుకున్న చేపని వెంటనే వదిలేయడం మర్యాద. గుంపుగా చేపలున్నచోట కావాలని పెద్ద ట్రెబుల్ (మూడు మొనల) హుక్కులు వేసి ఈడ్చేవాళ్లు ఉన్నారు. దాన్ని గాలం వేయడం అనలేం. పది చేపలకి గాయాలై ఒకటి చేతికొస్తుంది, మిగిలిన తొమ్మిదీ పుళ్లు పట్టి చస్తాయి.

భీమిలి దగ్గర తెల్లగా మెరిసే చేప ఒకటి కొట్టి, గాల్లోకి గెంతి, హుక్కు విదిలించుకుని పోయింది. అదేమిటి?

నూటికి తొంభై పాళ్లు టార్పన్. అమెరికా వైపు మనిషంత పెరిగే టార్పన్ ఉందే, దానికి మన సముద్రాల్లో ఉండే చుట్టం. మన ఏళ్లలో పడేవి సాధారణంగా అడుగు, అడుగున్నర ఉంటాయి. బొర్రా వైపు అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి మీదుగా వచ్చి, గోస్తని భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది కదా. ఆ చివరి భాగంలో పోటు నీరు ఎక్కేచోట ఇది తిరుగుతుంది. అక్కడి నుంచి పూర్తి మంచినీటిలోకి కూడా ఎక్కుతుంది.

చేతిలోకి వస్తే గుర్తుపట్టడం తేలిక. కళ్లు పెద్దవి, ముఖంలో సగం అవే ఉన్నట్టుంటాయి. కింది దవడ పైకి తిరిగి ముందుకు పొడుచుకొస్తుంది. గొంతు కింద రెండు దవడ ఎముకల మధ్య ఒక గట్టి పలక తగులుతుంది, వేలు పెట్టి చూడండి. వీపు రెక్కలో ఆఖరి ముల్లు మాత్రం మెత్తటి దారంగా సాగి తోక వైపు వేలాడుతుంది. పొలుసు పెద్దది, చేతికి అంటుకుని వచ్చేస్తుంది. ఇవన్నీ ఉంటే ఇంక అనుమానం అక్కర్లేదు.

ఇది నీటిపైకి వచ్చి గాలి మింగుతుంది. దాని గాలి సంచి ఊపిరితిత్తిగా కూడా పనిచేస్తుంది. అందుకే ఆక్సిజన్ తక్కువైన మడుగుల్లోనూ బతుకుతుంది. పొద్దున్నే నీరు కదలకుండా ఉన్నప్పుడు పైన మెల్లగా వీపు తిప్పి మునిగే చేప కనిపిస్తే, అక్కడ చిన్న వెండి రంగు లూర్ వేయండి. గెంతినప్పుడు రాడ్డు కొన కిందికి దించి లైన్‌కి కాస్త వదులు ఇవ్వండి. బిగబట్టి ఉంచితే నోరంతా ఎముకే కాబట్టి హుక్కు జారిపోతుంది.

సన్నగా, పొడుగ్గా, వీపు రెక్కకి ఆ దారం లేకుండా ఉంటే అది జినుగు. అదీ అలాగే గెంతుతుంది.

పండుగప్ప సముద్రం చేప కదా? ఇంత లోపల మంచినీటిలో ఎలా పడింది?

పండుగప్ప గుడ్లు పెట్టేది ఉప్పునీటిలో, నది మొగల దగ్గర. పిల్లలు మాత్రం ఏటికి ఎదురెక్కి మంచినీటిలోకి వచ్చి ఏళ్ల తరబడి అక్కడే పెరుగుతాయి. గుడ్ల వేళకి మళ్లీ కిందికి దిగుతాయి. మధ్యలో ఆనకట్ట అడ్డం వస్తే అక్కడ ఆగిపోతాయి. అందుకే శారద మీద గానీ, వరాహ మీద గానీ, సముద్రం వైపు నుంచి వస్తే తగిలే మొదటి ఆనకట్ట కింది మడుగు ఎప్పుడూ చూడదగ్గది.

ఇంకో సంగతి. పండుగప్ప ముందు మగదిగా పెరిగి, కొన్నేళ్ల తర్వాత ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్దవన్నీ దాదాపు గుడ్లు పెట్టేవే. ఏటిలో పెద్దది పడితే ఫొటో తీసుకుని వదిలేయమని బతిమాలుతున్నాను. తినాలనిపిస్తే మధ్యరకం ఉంచుకోండి. చెరువుల్లో పెంచినది మార్కెట్లో దొరుకుతూనే ఉంది.

పట్టుకునేటప్పుడు చెంపల దగ్గర వేలు పెట్టకండి. మొప్ప మూత అంచు పదును మామూలుగా ఉండదు, వేలు చర్రున తెగుతుంది. లిప్ గ్రిప్ (పెదవి పట్టుకునే పటకారు) వాడి, కింద పొట్టకి రెండో చెయ్యి ఆనించండి.

ఈ చేప మన తీరానికి కొత్తది కాదు. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండగా 200 చేపల్ని సేకరించి, బొమ్మలు వేయించి, 1803లో లండన్‌లో పుస్తకంగా అచ్చు వేయించాడు. మన జాలర్లు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు. పండుమేను అన్న పేరు అందులో ఉంది. మన తీరం పేర్లు అంత పాత పుస్తకంలో కనబడితే ఒళ్లు పులకరిస్తుంది.

తిలాపియా స్పిన్నర్‌కి పడుతుందా?

బ్రహ్మాండంగా పడుతుంది. జిలేబీ అని మార్కెట్లో అమ్మేది ఇదే. ఆఫ్రికా చేప. మన దేశానికి 1952లో తెచ్చారు. ఇప్పుడు అది లేని చెరువు, గెడ్డ (వాగు) వెతికినా దొరకవు.

ఎండాకాలం మొదట్లో ఏరు సన్నబడ్డాక, మోకాలి లోతు నీటిలో ఇసుక మీద గుండ్రటి గుంటలు వరసగా కనిపిస్తాయి. గుంట మధ్యలో ఇసుక శుభ్రంగా, చుట్టుపక్కలకంటే తెల్లగా ఉంటుంది. మగ తిలాపియా నోటితో ఇసుక ఎత్తి పక్కన పోస్తూ తవ్వుకున్న గూళ్లు అవి. ఒక్కో గుంట మీద ఒక్కో చేప, ముదురు రంగుకి తిరిగి, రెక్కలు విప్పుకుని తిరుగుతుంటుంది. పక్క గుంటవాడు హద్దు దాటితే మీదపడుతుంది. ఆ గుంట అంచున వేలి గోరంత స్పిన్నర్ పడితే ఊరుకుంటుందా? ఒకసారి కొట్టి తప్పినా రెండోసారి, మూడోసారి వస్తుంది. ఆడది గుడ్లు నోట్లో పెట్టుకుని పొదుగుతుంది కాబట్టి అప్పుడది ఏమీ తినదు. మీకు పడేవి ఎక్కువగా మగవే.

దీన్ని తిరిగి నీటిలో వేయక్కర్లేదు, ఇంటికి తీసుకెళ్లండి. మన చేపల చోటు, తిండి ఇదే లాక్కుంటోంది.

ఇసుక అడుగు నుంచి వేలెడు చేప, నోరు మాత్రం ఇంత, చిన్న జిగ్‌ని (తల బరువున్న హుక్కు లూర్) మింగేసింది. ఏమిటది?

ఇసుక దొందు. గోదావరి జిల్లాల వాళ్లు పులుసు పెడితే ప్లేటు వదలరు. ఇసుక రంగులోనే ఉంటుంది, ఇసుకలో సగం కూరుకుని కళ్లు మాత్రం బయటపెట్టి కూర్చుంటుంది. తిరగేసి చూస్తే పొట్ట కింద రెండు రెక్కలు కలిసిపోయి ఒక గిన్నె ఆకారంలో ఉంటాయి. ప్రవాహంలో కొట్టుకుపోకుండా వాటితో అడుగుని పట్టుకుంటుంది. కింది దవడ పైదాని కంటే ముందుకుంటుంది. తనలో సగం పొడవున్న లూర్‌ని కూడా కొట్టడానికి వెనకాడదు.

పొడవాటి సన్నటి మూతితో, నీటి పైపైనే తేలే చేప ఒకటి కూడా చిన్న లూర్‌ వెంట పడుతుంది. మూతి అంతా పళ్లు, ఎముక. పదిసార్లు కొడితే ఒకసారి హుక్కు నిలవడం కష్టం. చూడటానికి సముద్రపు సూదిమూతి చేపే గానీ, ఇది మంచినీటిది. తళతళలాడే ఆకుపచ్చ వీపు చూసి మురిసిపోయి, మెల్లగా వదిలేయండి.

కొర్రమీను అనుకుని తీస్తే తోక దగ్గర కన్ను బొమ్మ ఉంది. తేడా చేపా?

అది పూమేను, కొర్రమీను కుటుంబమే. తోక మొదట్లో నల్లటి చుక్క, దాని చుట్టూ వెలుగు అంచు ఉంటాయి, ముఖ్యంగా చిన్న వయసులో. కొర్రమీనుకంటే చాలా పెద్దది పెరుగుతుంది, కదిలే నీటిని ఎక్కువ ఇష్టపడుతుంది. మెట్ట చెరువుల్లో అలవాటైనవాళ్లు ఏటిలోకి వచ్చినప్పుడు దీన్ని చూసి ఆశ్చర్యపోతారు. అరకు వైపు కొండ గెడ్డల్లో జానెడు కూడా లేని మరో చుట్టం ఉంది. రెక్కల అంచులకి నారింజ రంగు ఉంటుంది, చిన్న లూర్ వేస్తే రాయి కిందినుంచి దూసుకొస్తుంది.

ఎర్రటి పిల్లల గుంపు నీటిపైన కనిపిస్తే అక్కడ లూర్ వేయొచ్చా? ఖాయంగా పడుతుందంటారు.

పడుతుంది. అందుకే వేయొద్దు.

ఆ నారింజ ఎరుపు రంగు గుంపు కొర్రమీను పిల్లలది. అవి గాలి కోసం పైకి వచ్చిపోతుంటే నీరు చిటపటలాడుతుంది. కిందనే తల్లీ తండ్రీ ఉంటాయి. కప్ప లూర్ వేస్తే పిల్లల్ని కాపాడుకోవడానికి కొడతాయి. పెద్దదాన్ని మీరు తీసిన గంటలో ఆ వందల పిల్లల్ని జెల్లలు, పరిగెలు, కొంగలు పంచుకుంటాయి. ఒక్క చేప కోసం ఒక తరం పోతుంది. ఈ విషయంలో నాకు రాజీ లేదు. వానాకాలంలో ఈ గుంపులు ఎక్కువగా కనిపిస్తాయి, అవి ఉన్న మూల వదిలేసి వంద అడుగులు ముందుకెళ్లండి.

వాలుగ పడింది. పెద్దదే. ఉంచుకోవచ్చా?

వాలుగని గుర్తుపట్టడం తెలిసిందే: కంటి వెనకదాకా చీలిన నోరు, రెండు జతల మీసాలు, పొట్ట నుంచి తోకదాకా సాగిన రెక్క. ఎక్కువగా చీకటి పడ్డాక వేటకి వస్తుంది. నోట్లో సన్నటి పళ్ల దట్టమైన వరసలు ఉంటాయి కాబట్టి హుక్కు తీయడానికి పొడవాటి ప్లయర్స్ కావాలి. ఫ్లోరోకార్బన్ లీడర్ (లైన్ చివర కట్టే గట్టి దారం) ఒక మూర పొడవైనా లేకపోతే లైన్ గీరుకుపోయి తెగుతుంది.

ప్రపంచ స్థాయిలో అంతరించే ముప్పున్న జీవుల జాబితా తయారుచేసే ఐయూసీఎన్ దీన్ని "దుర్బల" జాతుల్లో చేర్చింది. మన ఏళ్లలో పెద్ద వాలుగలు తగ్గాయని రేవుల్లో పాతకాలం జాలర్లు చెప్తూనే ఉంటారు. చట్టం ఒప్పుకున్నా, నా మాట వదిలేయమనే.

చెట్టు గింజలు నమిలే పళ్లున్న చేప పడింది. పిరానా అంటున్నారు, నిజమా?

కాదు, రూప్‌చంద్. దక్షిణ అమెరికా చేపే, పిరానాకి దగ్గర బంధువే, కానీ అడవి ఏళ్లలో పడ్డ పళ్లూ గింజలూ నమిలి బతికేది. పెదవి ఎత్తి చూస్తే మనుషుల దంతాల్లా చదునుగా, వరసగా ఉంటాయి. పిరానావి కోసుగా, కత్తిరించే పళ్లు. రూప్‌చంద్‌ని మన దగ్గర చెరువుల్లో విరివిగా పెంచుతారు, మార్కెట్లో చందువ చాయలో కనబడుతుంది. పళ్లు చూసి తేలిగ్గా తీసుకోకండి. సన్నటి హుక్కుని నమిలి వంచేయగలదు, వేలు మాత్రం దూరంగా పెట్టండి.

ఇది ఏటిలోకి ఎలా వచ్చిందంటే, గట్టు తెగి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు ఎన్ని చెట్లు కూలాయో మనకి గుర్తు. అలాంటి వానలకి చెరువులు పొంగితే, పెంచుతున్న చేపలు గెడ్డల్లోంచి ఏటిలోకి పోతాయి. పంగాస్ కూడా ఇదే దారి. మెత్తటి లూర్‌కి, కొన్నిసార్లు అడుగున మెల్లగా లాగే స్పూన్‌కి పడుతుంది. తల చిన్నది, ఒళ్లు నున్నగా బూడిద రంగు, మీసాలు పొట్టివి రెండు జతలు.

వీటిలో ఆందోళన పడాల్సింది ఆఫ్రికన్ మార్పు అనే మీసాల చేప గురించి. దాని పెంపకం మన దేశంలో నిషేధం. అయినా దొంగతనంగా పెంచుతారు, తప్పించుకుని ఏటిలో పడుతుంది. మన నాటు మార్పు అడుగున్నర దాటడం అరుదు. చేతి పొడవు మార్పు, ఒళ్లంతా మచ్చలు మచ్చలుగా, తల వెడల్పుగా పడిందంటే అది నాటుది కాదు. చేప, కప్ప, పీత, చచ్చినది, బతికినది అన్నీ తింటుంది. దీన్ని నీటిలోకి తిరిగి వదలకండి.

ఒళ్లంతా గట్టి పలకలున్న వింత చేప వచ్చింది. "దెయ్యం చేప" అంటున్నారు.

అక్వేరియంలో గాజు శుభ్రం చేస్తుందని కొనుక్కునేదే. పెద్దదయ్యాక ఎవరో గెడ్డలో పడేస్తారు. అదీ దక్షిణ అమెరికాదే. నాచు గీక్కుని తింటుంది కాబట్టి లూర్ కొట్టదు, హుక్కుకి తగులుకుంటుంది. గట్లకి బొరియలు తవ్వుతుంది, జాలర్ల వలలు చింపేస్తుంది, కొనేవాడు లేడు. వదలొద్దు. అక్వేరియం చేప ఏదైనా సరే, దయచేసి ఏటిలో పోయకండి.

ముల్లు గుచ్చుకుంది, చెయ్యి మంటెత్తిపోతోంది. ఏం చేయాలి?

జెల్ల, మార్పు, ఇంగిలికం: మూడింటికీ చెంపల పక్క రెక్కల్లో ముల్లు ఉంటుంది. జెల్లకి వీపు మీద కూడా. ఇంగిలికం ముల్లు విషం అన్నిటికంటే ఘాటు. రాత్రివేళ చిన్న మెత్తటి లూర్‌కి ఇది కూడా పడుతుంది, చీకట్లో జెల్ల అనుకుని పట్టుకుంటే ఇక చూడండి.

ముందు గాయాన్ని మంచినీటితో కడగండి. తర్వాత ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, చర్మం కాలకుండా, చెయ్యి ముంచి ఉంచండి. 45 డిగ్రీలు దాటకూడదు. అరగంట నుంచి గంటన్నర దాకా, నీరు చల్లారితే మారుస్తూ ఉండాలి. ఈ విషం ప్రోటీన్, వేడికి దాని శక్తి తగ్గుతుంది. వేడి ఎంతో గుచ్చుకోని చేత్తోనే చూసుకోండి, మొద్దుబారిన చేతికి తెలియదు. ఐస్ పెట్టకండి. ముల్లు ముక్క లోపల ఉండిపోయినా, వాపు పైకి పాకినా, ఊపిరి ఇబ్బందైనా టెన్షన్ పడుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్లండి. టీటీ ఇంజెక్షన్ ఎలాగూ కావాలి.

ఇక ముందు నుంచి ఒక తడి గుడ్డ, పొడవాటి ప్లయర్స్ సంచిలో ఉంచుకోండి. చేప పేరు తెలిసేదాకా చేత్తో ముట్టుకోకండి.

తాబేలు పడింది!

కంగారుపడకండి, లైన్ తెంపి వదిలేయకండి కూడా. హుక్కు నోట్లో ఉండిపోతే అది తినలేక చస్తుంది. మన ఏళ్లలో ఎక్కువగా కనబడేది మెత్తటి డొప్ప తాబేలు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని ఇంటికి తీసుకెళ్లడం, అమ్మడం నేరం. వెనక వైపు నుంచి డొప్ప పట్టుకుని, మెడ సాచి కరుస్తుంది కాబట్టి మూతికి దూరంగా ఉండి, ప్లయర్స్‌తో హుక్కు తీసి, నీటి అంచున పెట్టండి. హుక్కు మొన దగ్గర వెనక్కి తిరిగి ఉండే ముల్లు ముందే నొక్కి చదును చేసుకున్నవాళ్లకి ఈ పని ఒక నిమిషం.

రకరకాల చేపలు చూడాలని ఉంది. ఏ లూర్ తీసుకోవాలి?

చిన్నది. మూడు నుంచి ఏడు గ్రాముల స్పిన్నర్ లేదా స్పూన్, రెండంగుళాల మెత్తటి ప్లాస్టిక్ చేపపిల్ల, ఒక చిన్న జిగ్ తల. కప్ప లూర్‌కి కొర్రమీను తప్ప వేరేది అరుదుగా పడుతుంది, అది దాని కోసమే చేసింది. లూర్ చిన్నదైన కొద్దీ నోరు చిన్న చేపలు కూడా పందెంలోకి వస్తాయి, అలాగని పెద్దవి మానుకోవు.

రంగు గురించి గంటలు గంటలు వాదించుకుంటారు. నా అనుభవంలో లాగే వేగమే ఎక్కువ తేడా చూపిస్తుంది. టార్పన్, జినుగు, పార చేప పిల్లలకి వేగంగా లాగాలి. అడుగు చేపలకి లాగి ఆపి, లాగి ఆపి, ఇసుక రేగేలా. ఆపినప్పుడే ఎక్కువ పడతాయి.

ట్రెబుల్ హుక్కు తీసేసి ముల్లు నొక్కిన సింగిల్ హుక్కు పెట్టుకోండి. కొన్ని జారిపోతాయి, నిజమే. ఏం పడుతుందో తెలియనప్పుడు, వదలాల్సినదే ఎక్కువ పడేటప్పుడు ఆ మాత్రం పోవడం మంచిదే.

ఏ వేళ, ఏ కాలం మంచిది?

మన విశాఖ ఏళ్లన్నీ వాన మీద బతికేవి. వానల్లో ఉరుకుతాయి, వేసవికి మడుగులుగా చీలిపోతాయి. వరద తగ్గి నీరు టీ రంగుకి వచ్చాక, అంటే అక్టోబర్ చివరి నుంచి జనవరి దాకా, కొత్త కొత్త చేపలు పడే కాలం. వరద వేటిని ఎక్కడికి చేర్చిందో అప్పుడు తెలుస్తుంది.

మొగల దగ్గరైతే క్యాలెండర్లో పౌర్ణమి, అమావాస్య చూసుకోండి. ఆ రోజుల్లో పోటు ఎక్కువ లోపలికి ఎక్కుతుంది. పోటు తిరిగి వెనక్కి లాగే మొదటి గంటలో, లోపలినుంచి చిన్న చేపలు కొట్టుకొస్తుంటే పెద్దవి కాచుకుని ఉంటాయి. వేసవిలో ఇసుక మేట వేసి మొగ మూసుకుపోతే లోపల చిక్కుకున్న సముద్రపు చేపలు నెలల తరబడి ఏటిలోనే ఉంటాయి.

ఎగువ కొండల్లో మబ్బు పట్టిందంటే గెడ్డలోంచి బయటికి రండి. మీ దగ్గర చినుకు పడకపోయినా నీరు ఒక్కసారిగా పెరుగుతుంది.

ఫొటో చూసి పేరు చెప్పాలంటే ఎలా తీయాలి?

పక్కనుంచి, చేప మొత్తం పడేలా, రెక్కలు విప్పి. చెయ్యి చాచి కెమెరా ముందుకు తోసిన ఫొటోలో అన్నీ పెద్దగానే కనిపిస్తాయి, పేరు చెప్పడం మాత్రం కష్టం. పక్కన లూర్ గానీ స్కేలు గానీ పెట్టండి. మీసాలు ఎన్ని జతలో, నోరు పైకుందా కిందుందా, వీపు రెక్క ఎంత పొడవుందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. మీసాలు నాలుగు జతలుండి వీపు రెక్క తోకదాకా సాగితే మార్పు, అదే రెక్క పొట్టిగా ఉంటే ఇంగిలికం. పడిన చోటు, నీరు చప్పగా ఉందా ఉప్పగా ఉందా కూడా రాయండి. తడిచేత్తో పట్టుకోండి, ఎండకి కాలిన బండ మీద పెట్టకండి.

పడ్డది తినొచ్చా?

పరిగె, దొందు, తిలాపియా, జెల్ల, కొర్రమీను నిక్షేపంగా తినొచ్చు, నీరు మంచిదైతే. ఫ్యాక్టరీ కాలువలు, ఊరి మురుగు కలిసేచోట పట్టింది మాత్రం ఏ చేపైనా వద్దు. టార్పన్ నిండా సన్నటి ముళ్లే, పులుసు పెట్టినా ఓపిక కావాలి. వదిలేస్తే మళ్లీ గెంతుతుంది.

అనుమతి కావాలా?

మేఘాద్రిగెడ్డ, ముడసర్లోవ, రైవాడ, తాటిపూడి లాంటి జలాశయాల నీరు తాగడానికి వాడతారు. అక్కడ గట్టు మీద ఉన్నవాళ్లని అడగకుండా రాడ్డు తీయకండి. జలాశయాల్లో, చాలా చెరువుల్లో చేపల మీద హక్కు స్థానిక మత్స్యకారుల సంఘాలది. వాళ్లే పిల్లలు కొని వేసుకుంటారు, వాళ్ల బతుకు అది. సంఘం పెద్దని కలిసి, "వదిలేస్తాం బాబాయ్, ఫొటో తీసుకుంటాం" అని మర్యాదగా అడిగితే చాలాచోట్ల కాదనరు. ఏ మడుగులో ఏముందో కూడా వాళ్లే చెప్తారు. వల వేసి ఉన్నచోటికి లూర్ విసరకండి, చిరిగితే వాళ్లకి రోజు కూలి పోతుంది.

మందుగుండు పేల్చి గానీ, విషం వేసి గానీ చేపలు పట్టడం 1897 నాటి చట్టం నుంచే నేరం. కొండల వైపు గెడ్డల్లో ఇంకా ఎవరో బ్లీచింగ్ పోస్తున్నారని వింటుంటాం. మీ కంటపడితే చూసీచూడనట్టు రాకండి. చోటు, వేళ, వీలైతే ఫొటో మత్స్యశాఖ మండల కార్యాలయంలో ఇవ్వండి.

మొదటిసారి వస్తున్నాను. ఒక్క రోజులో ఎక్కువ రకాలు పడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆనకట్ట కింది మడుగులో. పై నుంచి దూకే నీటిలో ఆక్సిజన్ ఎక్కువ, కొట్టుకొచ్చే తిండి ఎక్కువ, కింది నుంచి ఎక్కొచ్చినవి ఆగేదీ అక్కడే. తెల్లవారగానే నురగ అంచున చిన్న స్పూన్, ఎండెక్కాక రాళ్ల పక్కన అడుగు తాకేలా మెత్తటి లూర్, సాయంత్రం మడుగు తోక దగ్గర పల్చటి నీటిలో స్పిన్నర్. ఆనకట్ట మెట్లు నాచుతో జారుతాయి, పాత టైరు చెప్పులు కాకుండా పట్టున్న బూట్లు వేసుకోండి. షట్టర్లు ఉన్నచోటైతే నీరు ఎప్పుడు వదులుతారో లస్కర్‌ని (షట్టర్లు చూసుకునే మనిషిని) ముందే కనుక్కోండి.